చాయ్ టైము పాలు

ఈమధ్య పిల్లల్ని చూసుకునే పనిలో కొత్తగా చేరిన అమ్మాయిలు నాకు ఫోన్ చేస్తుంటారు. "పెద్దమ్మా, పిల్లగానికి ఏడాది దాటింది. ఇంకా రెండుసార్లు పండబెట్టాల్నా, ఒక్కసారి సరిపోతదా?" అని అడుగుతారు. వాళ్ల ఫోన్లలో దీనికి పట్టికలు కూడా ఉంటాయట. ఏ నెలలో ఎంతసేపు నిద్ర, ఎన్ని చెంచాల అన్నం, అన్నీ రంగురంగుల గళ్లలో. నేను కాదనను. కానీ ఆ పట్టిక గీసినవాళ్లు నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్న తండ్రి పక్కన, ఒకే ఒక్క గదిలో, ఏడాది పిల్లాణ్ణి ఏడవకుండా ఎప్పుడైనా ఆపి చూశారా అని నాకో అనుమానం.

నేను పని మానేసి చాలా కాలం కాలేదు. మోకాళ్లు సహకరించక మానేశాను. ఇప్పుడు సూరత్ బయట కామ్‌రేజ్‌లో మా చెల్లెలి ఇంటి మేడ మీద ఉంటున్నాను. పొద్దున లేస్తే ఎవరి ముక్కూ తుడవక్కర్లేదు. అయినా అలసట పోలేదు. ఆ అలసట ఎముకల్లోకి దిగిపోయిందని డాక్టరు దగ్గర అంటే ఆయన నవ్వి కాల్షియం బిళ్లలు రాశాడు.

మీకు పట్టిక చెప్పను. ఒక పిల్లవాడి సంగతి చెప్తాను. వాడి పేరు చెప్పను, వాడి తల్లి పేరూ చెప్పను. వాళ్లింకా మా పాత మగ్గాల పేట ఖటోదరాలోనే ఉన్నారు, వాళ్లింటి మాటలు నేను నలుగురిలో పెట్టానని అనిపించుకోవడం నాకిష్టం లేదు.

మా ఘోడియాఘర్ మగ్గాల షెడ్ల వెనక సందులో ఉండేది. ఘోడియా అంటే ఇక్కడివాళ్ల ఊయల, ఇనుప కాళ్ల మీద గుడ్డ జోలె కట్టి ఉంటుంది. కూలికి పోయే తల్లులు పిల్లల్ని వదిలివెళ్లే చోటు కాబట్టి దానికా పేరు. ఒక ట్రస్టువాళ్లు నడిపేవాళ్లు. పొడుగాటి గది ఒకటి, వంటకో మూల, బయట నీళ్ల డ్రమ్ము. గోడ అవతల మగ్గాలు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ మోతకు చెవులు మూసుకునేవాళ్లు. మా పిల్లలేమో ఆ మోత ఉంటేనే నిద్రపోయేవాళ్లు. కరెంటు పోయి మగ్గాలు ఆగాయంటే గదిలో పిల్లలందరూ ఒక్కసారిగా లేచి ఏడుపు అందుకునేవాళ్లు. బయటివాళ్లకు చెప్తే నమ్మరు.

పనివాళ్లం ఇద్దరమే. నేనూ, మాసీ. మాసీ అంటే ఇక్కడి మాటలో పిన్ని, అందరూ ఆమెను అట్లాగే పిలిచేవాళ్లు. సూరత్ మనిషి, నాకంటే పెద్దది, నన్ను బెన్, అంటే చెల్లీ, అనేది. వలస వచ్చిన మా తెలుగు పిల్లలతో ఉండి ఉండి మా మాట పట్టుకుంది, కాకపోతే మూడు భాషలూ ఒకే గిన్నెలో కలిపేసేది. ఊయలలకు తాళ్లు కట్టి, ఆ తాళ్లన్నీ కలిపి ముడివేసి, కాలి బొటనవేలికి తగిలించుకుని కూర్చునేది. కాలు ఊయలలు ఊపుతుంటే చేతులు బియ్యం ఏరేవి. నోరు మాత్రం ఊరికే ఉండేది కాదు, సందులో వాళ్లందరి సంగతులూ చెప్పేది. వారానికోసారి ట్రస్టు ఆఫీసు నుంచి మేడమ్ వచ్చి, పిల్లలను కాంటాలో తూచి, మాకు రెండు మాటలు చెప్పి పోయేది.

మా పద్ధతి చాలా ఏళ్లుగా ఒక్కటే. పొద్దున పిల్లలు వస్తారు, పాలు తాగుతారు, జోలెలో పడుకుంటారు. లేచాక కిచిడీ. మళ్లీ జోలె. చంటిపిల్లలకూ అంతే, పరుగులు తీసే పిల్లలకూ అంతే. నిజం చెప్పాలంటే, నడక వచ్చిన పిల్లలకు పొద్దటి కునుకు అవసరమా కాదా అని మేమెప్పుడూ అనుకోలేదు. ఆ సమయంలో నేను పొయ్యి చూడాలి, గుడ్డలు ఉతకాలి, నేల తుడవాలి. వాళ్ల నిద్ర వాళ్లకంటే మాకే ఎక్కువ అవసరం.

ఆ పిల్లవాడి తల్లి మా జిల్లా వైపు పిల్ల. భర్త మగ్గం నడిపేవాడు, ఎక్కువగా రాత్రి పాళీ. ఆమె అదే షెడ్డులో పగలు కండెలు చుట్టేది. మగ్గం నాడెలో పెట్టే దారపు చుట్టలను మా వైపు కండెలంటాం. బాబుకు పాకడం కూడా రాకముందే తెచ్చి నా చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. చూస్తే వెళ్లలేదు కాబట్టి చూడలేదు.

షెడ్డులో పొద్దున చాయ్‌కి ఓ పావుగంట వదిలేవాళ్లు. అందరూ చాయ్ బండి దగ్గరికి పోతే ఆమె మా దగ్గరికి ఉరికొచ్చేది. గోడకు ఆనుకుని కూర్చుని, కొంగు కప్పి, వాడికి పాలు పట్టేది. వాడు తాగుతూ తాగుతూ నిద్రపోయేవాడు. ఇస్తూ ఇస్తూ ఆమె కూడా నిద్రపోయేది. నోరు కొంచెం తెరుచుకుని, జుట్టులో నూలు పీచులతో, కూర్చున్నది కూర్చున్నట్టే. తెల్లవారకముందే లేచి వంట చేసి, నీళ్లు పట్టి, పాళీ దిగి వచ్చిన మొగుడికి తిండి పెట్టి వచ్చే మనిషి మరి. బెల్లు మోగగానే మాసీ ఆమె భుజం తట్టేది. ఉలిక్కిపడి లేచి, కొడుకును మాసీకి అందించి పరుగెత్తేది.

వాడికి ఏడాది నిండేదాకా అంతా బాగానే సాగింది. ఆ తర్వాతే వాడి ఎదుగుదల ఆగిపోయింది. తోటి పిల్లలు ఇష్టంగా తినే కిచిడీ ముందు పెడితే వీడు మూతి తిప్పుకునేవాడు. చెంచా దగ్గరికి తెస్తే చేత్తో కొట్టేవాడు. మేము "పాపం తింటలేడు" అని పాలే కాచి ఇచ్చేవాళ్లం. చేతులు సన్నబడ్డాయి. అయినదానికీ కానిదానికీ గునిసేవాడు. మేడమ్ కాంటా చూసి పెదవి విరిచేది.

ఒక రోజు సాయంత్రం వాణ్ణి తీసుకుపోవడానికి వచ్చి తల్లి గుమ్మంలోనే ఆగింది.

"పెద్దమ్మా, మా మామ వస్తడట. కోతలైనంక."

"వస్తె రానియ్యి. ఏమైతది?"

"పోరన్ని తీస్కపోతనికి. మా అత్తమ్మ ఫోన్ల ఒకటే పోరు. 'ఆడ నా మనుమడు ఎండుకపోతున్నడు, ఈడికి తోలియ్యి, నేను బువ్వ తినిపిస్త' అంటది."

"మీ ఆయన ఏమంటడు?"

"ఏమంటడు? బడికి తోలేటప్పుడు తెచ్చుకుందం తీ అంటడు." ఆమె కొడుకు చెప్పులు తొడుగుతూ తల ఎత్తలేదు. "అప్పటికి వాడు నన్ను అమ్మా అంటడా పెద్దమ్మా? మా అత్తనే అమ్మా అంటడు గద."

మా దగ్గర ఇలా ఊరికి పోయిన పిల్లలు చాలామంది. మూడేళ్ల తర్వాత తిరిగి వచ్చి, కన్నతల్లిని చూసి నానమ్మ చీర చాటున దాక్కున్నవాళ్లను నా కళ్లతో చూశాను. "జర ఆగు, ఫికర్ చెయ్యకు" అన్నాను గానీ ఏం చేయాలో నాకూ తోచలేదు.

దారి చూపింది మేమెవరమూ కాదు. షెడ్డు సేఠ్‌కు అర్జెంటు మాల్ పంపాల్సి వచ్చి, ఒక రోజు చాయ్ లోపలికే తెప్పించి ఎవరినీ బయటికి వదల్లేదు. తల్లి రాలేదు. వాడు గుమ్మం పట్టుకుని ఏడ్చాడు. మాసీ ఊయలలో వేస్తే దించమని గింజుకున్నాడు, దించి మళ్లీ వేస్తే మళ్లీ గింజుకున్నాడు. ఆ రోజు నాకు జ్వరం, వాడి వెంట పడే ఓపిక లేదు. ఏడ్చి ఏడ్చి తిరుగుతూనే ఉన్నాడు. కిచిడీ వడ్డించేసరికి ఒక పాప పక్కన చతికిలబడి ఆ పాప పళ్లెంలో చెయ్యి పెట్టాడు.

"దేఖో బెన్!" అని మాసీ అరిచింది. "ఛోక్రా తింటుండు! ఉస్కా నహీ, పాపది తింటుండు!"

రెండు చేతులతో తిన్నాడు. ముక్కుకు, చెవికి పూసుకుంటూ తిన్నాడు. తిని, ఆ పళ్లెం పక్కనే వాలిపోయి సాయంత్రం దాకా లేవలేదు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కడుపు నిండా పాలు తాగి, కళ్ల నిండా నిద్రపోయి లేచినవాడికి ఆకలి ఎక్కణ్ణుంచి వస్తుంది? వాడు లేచేసరికి కిచిడీ చల్లారి అట్టకట్టి ఉండేది. అది వద్దంటే మేము మళ్లీ పాలు. వాడి తప్పేమీ లేదు. వాడికి ఆ పొద్దటి కునుకు అవసరం, దాని వెంట వచ్చే పాల అవసరం తీరిపోయాయి. వాడు పెరిగాడని మాకే తెలియలేదు.

మర్నాడు తల్లితో చెప్పాను. పొద్దున వచ్చే ముందు పాలివ్వు, ఇంటికి పోయినంక ఇవ్వు, రాత్రి ఎన్నిసార్లయినా ఇవ్వు. చాయ్ టైముకు మాత్రం రావద్దు.

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

"నన్ను రావద్దంటున్నవా? వాడు ఏడుస్తుంటె నేనాడ కండెలు చుట్టాల్నా?"

"మీ మామ వచ్చేసరికి వాడు బువ్వ తినాలె గదా బిడ్డా. నువ్వు గిట్ల వచ్చి పాలిస్తే పంటడు. పంటే తినడు."

"సరే" అంది చివరికి. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, నా మీద కోపం వచ్చింది. చాలా రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడింది.

చెప్పినంత తేలిక కాదు, ముందే చెప్తున్నాను. మొదటి వారం గది గదంతా మా మీద పగబట్టినట్టు అయింది. చాయ్ టైము కాగానే వాడు గుమ్మం దగ్గరికి పోయి నిలబడేవాడు. కళ్లు మూతలు పడుతుండేవి. భుజం మీద వేసుకుంటే అక్కడే నిద్రపోతాడు కాబట్టి ఎత్తుకోవడానికి లేదు. టబ్బులో నీళ్లు పోసి గ్లాసులిచ్చి కూర్చోబెట్టేదాన్ని. చీరల మూటలు మోసే టెంపోలు చూపించడానికి సందు చివరిదాకా నడిపించేదాన్ని. నా మోకాళ్లు అప్పుడే చెడ్డాయని ఇప్పుడు అనిపిస్తుంది. కిచిడీ దాకా వాడు ఆగలేడని అర్థమై, తిండినే ముందుకు జరపాలనుకున్నాం. మేడమ్‌ను అడిగితే, "వంట టైము మార్చాలంటే ఆఫీసులో అడగాలి" అంది. ఆఫీసు జవాబు ఇంకా రాలేదు, నేను రిటైరు కూడా అయ్యాను. తల్లే పొద్దున మెత్తని పప్పన్నం డబ్బాలో పెట్టి పంపేది. అది తినిపించి పడుకోబెట్టేవాళ్లం. ఆ డబ్బా అన్నం వేళను రోజూ కాస్త కాస్త కిచిడీ వేళ వైపు జరిపాం.

ఒక్కోసారి సగం ముద్ద నోట్లో ఉండగానే నిద్రపోయేవాడు. వెంటనే వేలు పెట్టి ఆ ముద్ద తీసేదాన్ని. మీకు ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, నోట్లో మెతుకుతో ఏ పిల్లనూ నిద్రపోనివ్వొద్దు.

మాసీకి ఈ వ్యవహారం బొత్తిగా నచ్చలేదు. "బచ్చా నిద్ర నిద్ర అంటుండు, మీరు నక్కో అంటుండ్రు. మరి గీ ఘోడియా ఎందుకు బెన్, బట్టలు ఆరేస్తనికా?" అని నన్ను దులిపేసేది. నేను వంట మూలకు పోగానే వాణ్ణి ఊయలలో వేసి రెండు ఊపులు ఊపేది. పట్టుకుంటే, "నేను వేయలే, వాడే ఎక్కిండు" అనేది. నడుమెత్తు ఊయల వాడెట్లా ఎక్కుతాడు?

సెలవు రోజు వస్తే మొత్తం మొదటికొచ్చేది. తండ్రి పాళీ దిగి వచ్చి పడుకుంటాడు. ఉన్నది ఒక్క గది. పిల్లవాడు కిక్కురుమనకుండా ఉండాలంటే పాలు, చీర ఊయల, అంతకంటే ఏముంది ఆమె చేతిలో? మర్నాడు వాడు మళ్లీ గుమ్మం దగ్గరికి. అయినా నెల తిరిగేసరికి దారికొచ్చాడు. డబ్బా అన్నం మానేసి అందరితో కిచిడీ తినసాగాడు. తిని, తనంతట తానే చాప మీద బోర్లా పడుకునేవాడు. కాంటా కొంచెం కదిలింది. మాసీ కూడా "చలో, ఠీక్ హై" అంది. అప్పుడే కోతలైపోయి తాత దిగాడు.

ఆయన కోడలి వెంట పొద్దున్నే వచ్చాడు. ధోవతి, భుజం మీద సంచి. వాడు తింటున్నాడని కోడలు చెప్తే, "సరే, నా కండ్లతోని చూస్త. తింటె ఉంచు, తినకుంటె నా వెంట తోలు" అన్నాడట. ఆ రాత్రి బస్సుకే తిరుగు ప్రయాణం. ఆమె కొడుకును దింపి, నా వంక ఒక్కసారి చూసి షెడ్డుకు పోయింది. నెల తర్వాత కోపం లేకుండా చూడటం అదే మొదలు.

పెద్దాయన చెడ్డవాడేమీ కాదు. కుర్చీలో కూర్చుని పిల్లలందరినీ చూసి నవ్వాడు.

"చెల్లె, నా కొడుకు గూడ మా అమ్మ దగ్గర్నే పెరిగిండు. నేను, నా పెండ్లాం భివండిల మగ్గాల మీద ఉంటిమి. పెరగలేదా?"

"పెరిగిండు అన్నా" అన్నాను. ఇంకేమనను?

నేను పొయ్యి మీద కుక్కర్ చూసి వచ్చేసరికి ఆయన సంచిలోంచి బిస్కెట్ పుడా తీశాడు. బండి నుంచి చాయ్ తెప్పించాడు. మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటే చాయ్‌లో ముంచి నోట్లో పెడుతున్నాడు.

"అన్నా, ఇప్పుడు బిస్కెట్ పెట్టకు. బువ్వ తినడు."

"తాత చేతి బిస్కెట్ తింటె ఏమైతది చెల్లె? చూడు ఎట్ల తింటున్నడో! ఎవరన్నరు తింటలేడని?"

నెల రోజుల కష్టం ఆ చాయ్ గ్లాసులో మునిగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. మాసీ తాడు వదిలేసి తల పట్టుకుంది. ఆయన మీద అరవాలని నాకెంత అనిపించిందో చెప్పలేను. తాత, మనవడు, ఇద్దరి మూతులకూ చాయ్. ఎట్లా అరవను?

అంతలో షెడ్డు బెల్లు మోగింది. చాయ్ టైము. బిస్కెట్ చేతులు కడుక్కోవడానికి పెద్దాయన బయట నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయాడు. ఎంతకూ లోపలికి రాకపోతే నేను గుమ్మంలోంచి తొంగిచూశాను.

కోడలు అక్కడుంది. డ్రమ్ము వెనక, కిటికీ పక్కన, లోపలివాళ్లకు కనిపించకుండా గోడకు అంటుకుని నిలబడి ఉంది. చెవి గోడకు ఆనించింది. జాకెట్ ముందంతా పాలతో తడిసిపోతే కొంగు చుట్టూ లాక్కుని పట్టుకుంది. తర్వాత మాసీ చెప్పింది, నెల రోజులుగా రోజూ వచ్చి అక్కడే నిలబడుతోందని. నాకు చెప్తే తిడతానని ఇద్దరూ చెప్పలేదు.

"గిదేంది, ఈడ నిలబడ్డవ్?" అన్నాడు ఆయన. "లోపటికి రా."

ఆమె కంగారుగా చెయ్యి ఊపి, గొంతు తగ్గించమంది.

"వద్దు మామా. నేను లోపటికి వస్తె వాడు బువ్వ తినడు."

బెల్లు మళ్లీ మోగింది. ఆమె పరుగెత్తింది. పెద్దాయన తడి చేతులు తుడుచుకోవడం మర్చిపోయి అట్లాగే నిలబడ్డాడు. నేను లోపలికి వచ్చేశాను. ఆయన ముఖం చూడాలంటే నాకు మొహమాటం వేసింది.

కిచిడీ టైము వచ్చింది. వేడివేడిగా నెయ్యి చుక్క వేసి వాడి ముందు పెట్టాను. వాడు తినలేదు. కడుపులో అన్ని బిస్కెట్లు పెట్టుకుని ఎట్లా తింటాడు? బుజ్జగించాను, పాప పక్కన కూర్చోబెట్టాను, మాసీ కాకి వచ్చిందంది, పిల్లి వచ్చిందంది. వాడు ఒక ముద్ద పుచ్చుకుని తాత ధోవతి మీద ఉమ్మేసి, అక్కడే పడి నిద్రపోయాడు. అయిపోయింది, రాత్రి బస్సులో వీడు పోతాడు అనుకున్నాను.

పెద్దాయన ధోవతి మీద మెతుకులు ఒక్కొక్కటే ఏరి పళ్లెంలో వేశాడు.

"తినలే" అన్నాడు.

"అన్నా, రోజూ తింటడు. నామీద ఒట్టు..."

"తినకుంటె నా వెంట తోలుమన్న." మనవడి వీపు మీద చెయ్యి వేశాడు. "నాతోని గాదు చెల్లె. పిల్ల గట్ల గోడ పొంటి నిలబడ్డది నా కండ్లతోని చూస్తి. వీన్ని ఎత్తుకొని బస్సెక్కి పోతె ఇంక నేను మనిషినేనా?"

మాసీ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"బిస్కెట్లు నేనే తినిపిస్తి. గదే మీ వదినెకు చెప్త. తిట్టనియ్యి" అని లేచి, సంచిలోంచి మనవడి కోసం తెచ్చిన కొత్త అంగీ తీసి నా చేతిలో పెట్టాడు.

సాయంత్రం తల్లి వచ్చేటప్పటికి ఆమెకు సంగతి తెలిసిపోయింది. మామే షెడ్డు గేటు దగ్గర నిలబడి చెప్పాడట. కొడుకును ఎత్తుకుని మెడలో ముఖం పెట్టి చాలాసేపు అట్లాగే ఉంది. వాడు విసుక్కుని జుట్టు లాగాడు. అప్పుడు నన్ను అడిగింది.

"ఇంక చాయ్ టైముకు నేను రావద్దు గదా పెద్దమ్మా?"

"రావద్దు బిడ్డా. గోడ దగ్గర గూడ వద్దు. వాడు మంచిగనే ఉంటడు."

"మరి గా పావుగంట నేనేం జెయ్యాలె?"

పొద్దుమాపులు మొత్తం మీద ఆమె కూర్చునేది ఆ పావుగంటే. కళ్లు మూసేదీ ఆ పావుగంటే. పిల్లవాడి కునుకు మాన్పిస్తున్నానని అనుకున్నానే తప్ప, తల్లి కునుకు కూడా దానితోనే పోతుందని నాకు అప్పుడు తట్టింది. షెడ్డులో కూర్చుని నిద్రపోతే సేఠ్ ఊరుకోడు. ఒళ్లో బిడ్డ ఉంటే మాత్రం ఎవరూ ఏమీ అనరు. ఎంతమంది పిల్లలను నిద్రపుచ్చానో నాకే లెక్క లేదు, ఆమెకు ఒక్క కునుకు ఇచ్చే దారి నాకు తెలియలేదు.

"చాయ్ తాగు" అన్నాను.

ఆమె నవ్వింది. "పోనీ తియ్యి పెద్దమ్మా" అంది. "వాడైతె నా కండ్ల ముందట ఉంటడు." వాణ్ణి చంకన సర్దుకుని, మొగుడు పాళీకి పోయే టైమైందని గబగబా సందులోకి నడిచింది.